పొగరు గుర్రాలు, చాబుక్ సవార్లు

నాచారం, ఉప్పల్ ప్రాంతంలో ఉండేవాళ్ళకు మౌలాలి గుట్ట కొత్త కాదు. గుట్ట మీద దర్గా, కింద రైల్వే లైన్లు, ఫ్యాక్టరీ షెడ్లు, అటు నాగారం దాకా పాకిపోయిన అపార్ట్‌మెంట్లు. హైదరాబాదులో గుర్రప్పందేలు మొదలైంది ఈ మౌలాలిలోనే, 1868లో. పద్దెనిమిదేళ్ళ తరవాత, 1886లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా ఉండేటట్టు మలక్‌పేటకు మార్పించాడు. ఇప్పటి హైదరాబాద్ రేస్ క్లబ్ 1961లో ఏర్పడింది. పందేల చరిత్రలో నిజాముల పేర్లుంటాయి, కప్పుల పేర్లుంటాయి, గెలిచిన గుర్రాల పేర్లూ ఉంటాయి. అదే గుర్రం రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు దాణా పెట్టబోయిన చెయ్యి కొరికి, జీను వెయ్యబోతే వెనక్కాళ్ళు విసిరి, వీధిలోకి తీసుకొస్తే నిలువునా లేచి నానా యాగీ చేసినప్పుడు దాన్ని దారికి తెచ్చినవాడి పేరు మాత్రం ఎక్కడా దొరకదు.

దక్కనులో అతన్ని చాబుక్ సవారు అనేవారు. సైసు గుర్రాన్ని తోమి, మేపి, మాలీషు చేస్తాడు. నాల్‌బందు నాడాలు కొడతాడు. సలోత్రి వైద్యం చూస్తాడు. పచ్చి గుర్రాన్ని మనిషిని మోసే గుర్రంగా మార్చడం చాబుక్ సవారు పని. ఈ నగరం ఒకప్పుడు ఎంతగా గుర్రాల మీద బతికిందో దాని పేటల పేర్లే చెబుతాయి: ముషీరాబాదులో రిసాలగడ్డ, బొల్లారంలో రిసాలా బజారు, మాసబ్ ట్యాంకు దగ్గర ఫస్ట్ లాన్సర్, ఆ పక్కనే ఏసీ గార్డ్స్. చివరిదాని పూర్తి పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానం రాజు దగ్గరున్న సిద్దీల దళం నిజాం కొలువుకు చేరి, ఆ గుర్రపు దళానికి మూలమైంది. ఉప్పల్‌ను ఆనుకుని ఉన్న హబ్సిగూడకూ, హబ్సీలని కూడా పిలిచే ఆ సిద్దీల వల్లే పేరొచ్చిందంటారు. ఇన్ని రిసాలాలకు, అంటే గుర్రపు దళాలకు, గుర్రాలు ఎక్కడినుంచో వచ్చాయి, ఎవరో మచ్చిక చేశారు. ఆ మచ్చిక దెబ్బలతో జరిగిందా, ఓపికతో జరిగిందా అన్నది మనిషి స్వభావాన్ని బట్టి కొంత, గుర్రం ఎవరి సొత్తు అన్నదాన్ని బట్టి చాలా తేలింది.

తెలుగు నేలకు గుర్రపు విద్య కొత్తదేమీ కాదు. కాకతీయుల కాలంలో రాహుత్తులనే గుర్రపు రౌతులు ఉండేవారు, అశ్వబలానికి పెద్దలుగా సాహిణులు ఉండేవారు. గణపతిదేవుడి కొలువులో ఎదిగిన కాయస్థ నాయకుడు గంగయ సాహిణి పేరులోనే ఆ పదవి ఉంది. అయితే మంచి గుర్రం ఇక్కడ పుట్టేది తక్కువ, ఓడ దిగేదే ఎక్కువ. పదమూడో శతాబ్దం చివర తీరం వెంట వచ్చిన మార్కో పోలో తమిళ దేశపు రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొంటారనీ, సాకడం తెలియక వాటిలో చాలా వాటిని పోగొట్టుకుంటారనీ ఆశ్చర్యపోయాడు. నాడాలు కొట్టేవాళ్ళను, వైద్యం తెలిసినవాళ్ళను అరబ్బు వర్తకులు కావాలనే ఇటు రానివ్వరని కూడా రాశాడు. బేరగాళ్ళ లెక్క బేరగాళ్ళది: గుర్రం బతికితే మళ్ళీ కొనేదెవరు?

విజయనగరం నాటికి ఈ ఖర్చు కళ్ళు తిరిగే స్థాయికి చేరింది. కృష్ణదేవరాయలు ఏటా పదమూడు వేల గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ లెక్క చెప్పాడు. అంతకు ముందు సాళువ నరసింహుడైతే సముద్రంలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే, డబ్బిచ్చేవాడట. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కి పొద్దు పొడిచేదాకా మైదానంలో తిప్పేవాడని మరో పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. ఎవరో తీర్చిదిద్ది ఇస్తే ఎక్కి ఊరేగిన రాజు కాదు, రోజూ పగ్గం పట్టిన రాజు.

పుస్తకాల సంగతికొస్తే, కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రాయించిన మానసోల్లాసంలో గుర్రపు స్వారీకి, గుర్రాల మీద ఆడే బంతాటకు ప్రత్యేకంగా చోటుంది. ఆ కల్యాణి తరవాతి కాలంలో నిజాం రాజ్యంలో భాగమే. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాశాడు. వీటిలో ఎక్కువ భాగం గుర్రం రంగు, సుళ్ళు, అది ఏ శుభానికి ఏ అశుభానికి సూచన అన్న గోలే. ఒంటి మీది వెంట్రుకల సుడి చోటుకాని చోట ఉంటే గుర్రం యజమానిని మింగేస్తుందనే నమ్మకం మొన్నమొన్నటిదాకా సంతల్లో ధరలు నిర్ణయించింది. ఉర్దూ కవి రంగీన్ గుర్రాల వ్యాపారి, కొన్నాళ్ళు నిజాం కొలువులో పనిచేసినవాడు కూడా. ఆయన రాసిన ఫరస్‌నామాలోనూ సుళ్ళకు పెద్దపీటే. తన్నే గుర్రాన్ని సుడి వంక పెట్టి అమ్మేసుకోవడం ఎంత సులువు! పెంచినవాడి తప్పు గుర్రం నుదుటి మీదికి పోతుంది.

కానీ అదే సంప్రదాయంలో ఇంకో గొంతు కూడా ఉంది. శుక్రనీతి అనే సంస్కృత గ్రంథం కొరడా వాడకానికి హద్దులు గీసింది. ఏ తప్పుకు ఏ చోట తగిలించాలో చెప్పి, చోటుకాని చోట కొడితే గుర్రానికి లేని దోషాలు అంటుకుంటాయనీ, అవి ఒక పట్టాన వదలవనీ హెచ్చరించింది. కొట్టవద్దని అది చెప్పలేదు. తప్పుకు తగిన దెబ్బ అని చెప్పింది. కోపం తీర్చుకోవడానికి చెయ్యెత్తేవాడికీ, నేర్పడానికి చెయ్యెత్తేవాడికీ తేడా అప్పటికే తెలుసన్నమాట.

పందొమ్మిదో శతాబ్దపు హైదరాబాదుకు గుర్రాలు మూడు దారుల్లో వచ్చేవి. బొంబాయి అరబ్బు వర్తకుల దగ్గర నుంచి అరబ్బీలు. మద్రాసు రేవులో దిగే ఆస్ట్రేలియా వేలర్లు. ఇక నాందేడు దగ్గర మాళెగాం ఖండోబా జాతర నుంచి దక్కనీ తట్టువాణీలు. మూడింటిదీ మూడు రకాల పొగరు. అరబ్బీ మనుషుల మధ్య పెరిగినది, బెదిరించకపోతే త్వరగా నేర్చుకుంటుంది. వేలర్ పెద్ద పెద్ద బీళ్ళలో మనిషి ముఖం చూడకుండా పెరిగి, నెలల తరబడి ఓడలో నిలబడి వచ్చినది. వీపు విల్లులా వంచి, తల కాళ్ళ మధ్య దూర్చి, నాలుక్కాళ్ళూ ఒకేసారి లేపి రౌతును గాల్లోకి విసరడంలో దానికి పెట్టింది పేరు. దక్కనీ తట్టు పొట్టిది, గట్టిది, మొండిది. నడవనంటే నడవదు.

ఈ గుర్రాలను కొని సైన్యంలో చేర్చే పద్ధతి పేరు సిలాదారీ. అసలు కథంతా ఇక్కడుంది. 1790లో నిజాం దళంగా మొదలై, తరవాత హైదరాబాద్ కంటింజెంటులో భాగమై, డెక్కన్ హార్స్‌గా పేరు తెచ్చుకున్న రిసాలా కూడా ఈ పద్ధతిలోనే నడిచింది. సర్కారు గుర్రం ఇవ్వదు. రౌతే గుర్రంతో వచ్చి చేరాలి, లేదా దాని ఖరీదు రెజిమెంటుకు కట్టాలి. వచ్చే నెలజీతంలోనే గుర్రం దాణా, నాడాలు, జీను మరమ్మతు అన్నీ చూసుకోవాలి. గడ్డి కోసి తెచ్చేవాడికీ, ఆ గడ్డి మోసే తట్టువాణికీ ఇద్దరు రౌతులు కలిసి ఖర్చు పెట్టుకునేవారు. గుర్రం చస్తే రౌతులంతా నెలనెలా వేసుకున్న చందా నిధి నుంచి కొంత సాయం దొరికేది. డబ్బు లేనివాడు ఇంకొకరి గుర్రం మీద కొలువు చేసే బార్గీరు అయ్యేవాడు.

సిలాదారుకు గుర్రమే పొలం, గుర్రమే ఇంటిపత్రం. దాని నోరు మొద్దుబారిపోయేలా కళ్ళెం లాగినా, తొందరపడి పరిగెత్తించి ముందు కాళ్ళు పాడు చేసినా నష్టం అతనిదే. అలాగని గారాబం చేస్తే, కవాతులో వరసలోంచి బయటికి దూకే గుర్రాన్ని దఫేదారు ఊరుకోడు. కాబట్టి గట్టిగా ఉండక తప్పదు, అన్యాయంగా ఉండడానికి లేదు. దయ వల్ల పుట్టిన పద్ధతి కాదిది, లెక్క వల్ల పుట్టింది. అయినా మంచి పద్ధతే.

చాబుక్ సవారు మొదటి పని ఎక్కడం కాదు, చూడటం. పిల్ల గుర్రం కళ్ళెం పెట్టగానే తల విదిలిస్తోందంటే అది పొగరే అని అనుకోనక్కర్లేదు. గుర్రానికి సుమారు రెండున్నరేళ్ళప్పుడు మధ్య పాలపళ్ళు, మూడున్నరకు వాటి పక్కవి, నాలుగున్నరకు మూలవి రాలి కొత్తవి వస్తాయి. సరిగ్గా కళ్ళెం నేర్పే వయసు అదే. దవడ పళ్ళకు ముందు మొలిచే చిన్న పన్ను మీద ఇనుము తగిలినా ప్రాణం లేచిపోతుంది. అందుకని పెదవి ఎత్తి, బొటనవేలు పళ్ళు లేని సందులో పెట్టి, నోరు తెరిపించి చూసేవాడు. వీపు మీద చేత్తో నొక్కి, జీను ఒరిపిడి ఉందేమో చూసేవాడు. ఆ తరవాత దాణా సంగతి. దక్షిణాదిలో గుర్రానికి ఉడికించిన ఉలవలే బలం. పని చెప్పకుండా రెండు పూటలా ఉలవలు దట్టించి కట్టేస్తే ఏ పిల్ల గుర్రమైనా గోడలు తన్నుతుంది. అప్పుడు తగ్గించాల్సింది దాణా, పెంచాల్సింది నడక.

నొప్పి లేదు, దాణా సరిగ్గానే ఉంది, అయినా కొరుకుతోంది అంటే అది చదువు చెప్పాల్సిన గుర్రం. కొరికే పిల్ల గుర్రం మూతి మీద కొట్టడం చాలామంది చేసే పని, అందరూ పడే చిక్కు కూడా. కొడితే దానికది ఆటవుతుంది. లేదా చెయ్యి పైకి లేస్తే చాలు, తల ఎగరేసి పారిపోయే బెరుకు పట్టుకుంటుంది. తెలిసినవాడు మూతి దగ్గరికి రానిచ్చేవాడే కాదు. భుజం దగ్గర నిలబడి, మూతి తనవైపు తిరిగిన ప్రతిసారీ మోచెయ్యి అడ్డం పెట్టేవాడు. గుర్రం వచ్చి తనే మోచేతికి గుద్దుకుంటుంది, తనే వెనక్కి తీసుకుంటుంది. ఎవరి మీదా కోపం ఉండదు.

నిలువునా లేచే గుర్రంతో ప్రాణాల మీదికొస్తుంది. రెండు పగ్గాలూ పట్టి లాగాడో, గుర్రం రౌతుతో సహా వెల్లకిలా పడుతుంది. పగ్గం వదులు చేసి, ముందుకు వంగి, ముందరి కాళ్ళు నేలకు తగలగానే తల ఒక పక్కకు తిప్పి ముందుకు నడిపించాలి. ముందుకు వెళ్ళే గుర్రం పైకి లేవలేదు. మొండికేసిన తట్టువాణిని కొరడాతో బాదడం కంటే రెండు చుట్లు గిర్రున తిప్పి అదే దారిలో నడిపిస్తే, తను ఎందుకు ఆగిందో అదే మరిచిపోతుంది. ఎక్కువ పని కావా దగ్గర జరిగేది: పొడుగాటి తాడు కట్టి గుండ్రంగా తిప్పడం. మొదట కదం, అంటే నడక; అది కుదిరాక దుల్కీ, అంటే చిన్న పరుగు; ఎన్నో వారాల తరవాత గానీ సర్పట్, అంటే దౌడు, రాదు. వీటన్నిటికీ ఒకటే నియమం. తప్పు చేసిన ఆ క్షణంలోనే దిద్దాలి, మాట విన్న ఆ క్షణంలోనే పగ్గం వదలాలి. ఒక్క లిప్తపాటు ఆలస్యమైతే, ఏది తప్పు ఏది ఒప్పు అన్నది గుర్రానికి అందదు.

చాబుక్ సవార్లంతా మునులు అని ఇక్కడ ఎవరూ చెప్పబోవడం లేదు. పెళ్ళి బారాత్‌లో, దర్బారు ఊరేగింపులో గుర్రం మెడ విల్లులా వంచి కాళ్ళెత్తి ఆడాలని నవాబులు కోరుకునేవారు. ఆ సోకు కోసం ముళ్ళ కళ్ళేలు వాడేవాళ్ళు, ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ అగాడి-పిఛాడి తాళ్ళు బిగించి రోజంతా నిలబెట్టేవాళ్ళు ఉండేవారు. రుడ్యార్డ్ కిప్లింగ్ తండ్రి లాక్‌వుడ్ కిప్లింగ్ 1891లో భారతదేశపు జంతువుల మీద రాసిన పుస్తకంలో ఈ కళ్ళేలను బాగానే ఎండగట్టాడు. చెప్పింది నిజమే. కాకపోతే ఇంగ్లీషువాళ్ళ చేతులు కూడా అంత మెత్తనివేం కావు. అమెరికా నుంచి వచ్చిన రేరీ అనే అతను 1858లో, ఎవరికీ లొంగని క్రూయిజర్ అనే మగ గుర్రాన్ని ముందరి కాలు మడిచి పట్టీతో కట్టి, పడుకోబెట్టి, నిమిరి లొంగదీస్తే విక్టోరియా రాణితో సహా లండనంతా నోరు వెళ్ళబెట్టింది. అంటే అక్కడ అదంత వింత అన్నమాట. భారత సైన్యంలో పనిచేసిన కెప్టెన్ హేస్ ఆ బాటలోనే ఊరూరా తిరిగి గుర్రాలకు చదువు చెప్పే తరగతులు నడిపి, 1889లో దాని మీద బొమ్మలతో పుస్తకం వేశాడు. అందులో కొత్త కిటుకులు ఉన్నాయి గానీ, నొప్పి పెట్టకుండా లొంగదీయాలన్న సూత్రం మన సిలాదారుకు జీతపు లెక్కలోనే దొరికింది.

ఈ చదువు విలువ ఎంతో 1896 నవంబరులో హైదరాబాదు పోలో మైదానంలో బయటపడింది. ఇండియాకు వచ్చి రెండు నెలలైనా కాని, నాలుగో హుస్సార్లనే బ్రిటిషు గుర్రపు దళం జట్టు గోల్కొండ కప్పు ఆటకు వచ్చింది. జట్టులో ఇరవై ఒక్కేళ్ళ లెఫ్టినెంటు ఒకడు, పేరు విన్‌స్టన్ చర్చిల్. ఎదురుగా నిజాం సైన్యాధికారి అఫ్సర్-ఉల్-ముల్క్ తీర్చిదిద్దిన గోల్కొండ బ్రిగేడ్, ఆ రోజుల్లో మేటి జట్టు. కొత్తగా వచ్చిన దళం గెలిచిన సందర్భమే అప్పటిదాకా లేదు. హుస్సార్లు గెలిచారు. వాళ్ళు బొంబాయిలో దిగగానే చేసిన మొదటి పని పూనా లైట్ హార్స్ దళం తయారు చేసుకున్న పాతిక పోలో గుర్రాలను గుండుగుత్తగా కొనేయడం. పోలో గుర్రం అంటే బంతి వెంట దూసుకుపోయి, గుప్పెడు నేలలో ఆగి, వెనక్కి తిరిగి, ఎదురు గుర్రాన్ని భుజంతో ఒరుసుకోవాలి. అది ఏళ్ళ తరబడి చదువు. దాన్ని డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్ళు గెలిచారు. నేర్పిన చేతులు పూనాలోనే ఉండిపోయాయి.

హైదరాబాదు లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి పాలస్తీనా దాకా వెళ్ళారు. ఢిల్లీ తీన్‌మూర్తిలో 1922లో నిలబెట్టిన మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ళదే. యుద్ధం గుర్రాలను తినేసే వేగానికి సిలాదారీ తట్టుకోలేకపోయింది, 1921 నాటికి ఆ పద్ధతి రద్దయింది. గుర్రం సర్కారుదయింది. 1948లో నిజాం రాజ్యం మీద జరిగిన సైనిక చర్యకు ఆపరేషన్ పోలో అని పేరు. హైదరాబాదులో పోలో మైదానాలు ఎక్కువ కాబట్టి ఆ పేరు పెట్టారని చెప్పుకుంటారు. ఆ చర్యతో రిసాలాలకు కూడా తెరపడింది.

నగరంలో మిగిలింది జట్కా గుర్రం. దాని కథ వేరు. చాలాచోట్ల తోలేవాడొకడు, బండీ గుర్రమూ ఇంకొకరివి. సాయంత్రానికి కిరాయి కట్టాలి, మిగిలిందే కూడు. మొండికేసిన గుర్రాన్ని రెండు చుట్లు తిప్పి బుజ్జగించే తీరిక అతనికెక్కడిది? నోట్లో ముళ్ళ కళ్ళెం, కళ్ళకు గంతలు, చేతిలో చెర్నాకోల. అతన్ని తిట్టడం సులువు. కానీ తనది కాని గుర్రం మీద, రోజు గడిస్తే చాలు అనుకునే బతుకులో, సిలాదారుకున్న లెక్క అతనికి లేదు. జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1965లో చేసిన బండి లాగే, బరువు మోసే జంతువుల నియమాలు ముళ్ళున్న కళ్ళేన్ని నిషేధించాయి. ఆటోలొచ్చాక జట్కాయే పోయింది.

ఇప్పుడు ఆ విద్య నగరంలో ముఖ్యంగా మూడు చోట్ల బతికుంది. నగర పోలీసుల గుర్రాల శాల ఒకటి. మొహర్రం నాటి బీబీ కా ఆలం ఊరేగింపులో డప్పుల మధ్య, జనం తోపులాటలో నిలబడాల్సిన గుర్రానికి చప్పుడును దూరం నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా దగ్గర చేస్తూ అలవాటు చేయాలి, ఒక్కరోజులో అయ్యే పని కాదు. రెండోది శివరాంపల్లిలోని జాతీయ పోలీస్ అకాడమీ. 1975లో మౌంట్ అబూ నుంచి అది ఇక్కడికి వచ్చింది. ఐపీఎస్‌కు ఎంపికైన కొత్త అధికారులు అక్కడ గుర్రపు స్వారీ నేర్చుకుంటారు. చదువుల్లో ముందుండి వచ్చిన కుర్రాళ్ళను తొలి వారాల్లో ఇసకలో కూర్చోబెట్టేది అక్కడి గుర్రాలే. ఇక్కడ చదువు గుర్రానికి కాదు, పైన కూర్చున్నవాడికి.

మూడోది మలక్‌పేట. తెల్లవారుజామున మబ్బులోనే ట్రాక్ మీద పని మొదలవుతుంది. రెండేళ్ళ పిల్లలు స్టడ్ ఫారాల నుంచి వచ్చి ఇక్కడ మొదటిసారి నగరం చప్పుడు వింటాయి. వీటి వయసు లెక్క కూడా చిత్రమే: ఏ నెలలో పుట్టినా జనవరి ఒకటిన అన్నింటికీ ఒక ఏడు పెరిగినట్టే, అందుకని మేలో పుట్టిన పిల్లను జనవరిలో పుట్టినదానితో సమానంగా చూస్తే అన్యాయం అవుతుంది. వాటికి అన్నిటికన్నా గడ్డు పరీక్ష పరుగు కాదు, స్టార్టింగ్ గేటు. ముందూ వెనకా తలుపులు మూసిన ఇరుకు గడిలో, పక్కన ఇంకో పది గుర్రాలు బుసకొడుతుంటే, కదలకుండా నిలబడాలి. గుర్రం పుట్టుకే ఇరుకు నుంచి పారిపోయే పుట్టుక. కాబట్టి మొదట రెండు తలుపులూ తెరిచి ఊరికే అటునుంచి ఇటు నడిపిస్తారు. మరికొన్ని రోజులకు లోపల ఆపి, మెడ నిమిరి, బయటికి పంపిస్తారు. ఆ తరవాత ముందు తలుపు మూస్తారు, అది కుదిరాక వెనకది. పందెం రోజున గేటులోకి వెళ్ళనని మొరాయించినా, లోపల లేచి తన్నినా, పందెం మొదలుపెట్టించే అధికారి, స్టార్టర్, దాని పేరు రాసుకుంటాడు. మళ్ళీ గేటు పరీక్ష పెట్టి, బుద్ధిగా నిలబడిందని అతను ఒప్పుకునేదాకా, ఆ గుర్రం ఖరీదు ఎంతైనా సరే, యజమాని ఎంతటివాడైనా సరే, దాన్ని పందెంలోకి తీసుకోరు.